పాకం పట్టిన చరిత్ర

సంక్రాంతికి అరిసెల పాకం పడుతూ చెయ్యి కాల్చుకోని ఇల్లాలు ఎవరైనా వుంటే ఆవిడకి నా నమస్కారం. నేను మాత్రం ఏటా కాల్చుకుంటాను. కిందటి పండక్కీ కాల్చుకున్నాను. పాకం వుండ కడుతోందో లేదో చూద్దామని పళ్ళెంలో చన్నీళ్ళు పోసుకుని, గరిటెతో రెండు చుక్కలు వెయ్యబోయాను. ఒక చుక్క బుద్ధిగా పళ్ళెంలో పడింది. రెండోది నా మణికట్టు మీద పడింది.

"నీళ్ళలో వేసి చూడమన్నారు గానీ, చేతిమీద వేసుకు చూడమన్నారుటే?" అన్నారు మా వారు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

మంట తగ్గేదాకా చేతిని నీళ్ళలో ముంచుకుని కూర్చుంటే మా అమ్మమ్మ మాట జ్ఞాపకం వచ్చింది. "నిప్పురవ్వ పడితే దులిపేసుకోవచ్చు. పాకం పడితే దులుపుకోడానికుండదే అమ్మా. అది పట్టుకుంటుంది" అనేది ఆవిడ. అమ్మమ్మ వెనకాలే పెనం తాత కూడా జ్ఞాపకం వచ్చాడు.

అమ్మమ్మగారి ఊరు అనకాపల్లి దగ్గర. చెరుకు కోతలు మొదలయ్యాయంటే ఊరంతా గానుగల చప్పుడే, గాలంతా బెల్లం వాసనే. అక్కడ పెనం అంటే మీరూ నేనూ దోసెలు పోసుకునేది అనుకునేరు. మా పిల్లలం నలుగురం చేతులు పట్టుకుని చుట్టూ నిలబడ్డా చాలనంత వెడల్పు. అడుగున పొయ్యిలో చెరుకు పిప్పి భగభగమంటూ వుంటే, పైన రసం పొంగుతూ, తెట్టు కడుతూ, చిక్కబడుతూ, పొద్దున్న ఆకుపచ్చగా వున్నది మధ్యాహ్నానికి బంగారంలా అయ్యేది. ఆ పెనం దగ్గర నిలబడి కలియబెట్టే పెద్దాయన్ని మేమంతా పెనం తాత అనేవాళ్ళం. ఆయన రెండు చేతులమీదా మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి మచ్చలు, చింతాకులు అంటించినట్టు.

"నొప్పెట్టదా తాతా?" అనడిగాను ఓసారి.

"తిన్నోళ్ళకి తీపి, వొండినోళ్ళకి వాతలు, చిట్టెమ్మా" అని నవ్వేశాడు.

ఆ మాట ఇన్నేళ్ళూ నాతోనే వుంది. తీపికీ వాతకీ వున్న ఈ లంకె తెంచడానికి ఎవరైనా ప్రయత్నం చేశారా అని వెతుక్కుంటూ పోతే, నాకొక మనిషి దొరికాడు. ఆయన మన దేశంవాడు కాడు, మన కాలంవాడూ కాడు. ఆయన కథ చెబుదామనే ఈ ఉపోద్ఘాతం.

ముందు మీకో చిన్న లెక్క. భయపడకండి, పాలవాడి లెక్క కన్నా సులువే. వంద కిలోల చెరుకు రసం తీసుకుంటే అందులో తీపి సరుకు సుమారు పదిహేను కిలోలు, తక్కింది చాలావరకు నీళ్ళు. అది చిక్కటి పాకం కావాలంటే, అంటే నూటికి అరవై పాళ్ళు తీపి వుండేలా కావాలంటే, మిగలవలసింది ఇరవై అయిదు కిలోలు. పోవలసింది డెబ్బై అయిదు కిలోల నీళ్ళు. పంచదార చెయ్యడమంటే చాలావరకు నీళ్ళని సాగనంపడమే నన్నమాట. వచ్చిన చుట్టాన్ని సాగనంపడం ఎంత కష్టమో మనకి తెలుసు. నీళ్ళని సాగనంపడం అంతకన్నా కష్టం, ఖర్చూను.

ఎందుకంటారా? ఎసరు పెట్టినప్పుడు మీరు గమనించే వుంటారు. గిన్నెలో నీళ్ళు కాసేపటికే తెర్లుతాయి. కానీ ఆ నీళ్ళన్నీ ఇగిరిపోవాలంటే పొయ్యి అంతే మండుతూ వున్నా ఎంతోసేపు పడుతుంది. ఆ సేపంతా వేడి లోపలికి పోతూనే వుంటుంది గానీ, నీళ్ళు నూరు డిగ్రీలు దాటి ఒక్క మెట్టు ఎక్కవు. మరి ఆ వేడంతా ఏమవుతున్నట్టు? 1760 ప్రాంతాల్లో స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అనే ప్రొఫెసరుగారు ఈ ప్రశ్నే వేసుకున్నారు. వంటింట్లో మన తాతమ్మలు వెయ్యి సార్లు చూసి వూరుకున్నదాన్ని ఆయన కాగితంమీద పెట్టారు. వేడి పోవడం లేదు, ఆవిరిలో దాక్కుంటోంది అన్నారు. మన పుస్తకాల్లో దాన్నే గుప్తోష్ణం అన్నారు. పేరు చక్కగా కుదిరింది.

ఆ దాక్కున్నది ఎంతో చెబితే నోరు వెళ్ళబెడతారు. ఒక కిలో నీటిని ముప్ఫై డిగ్రీల నుంచి నూరు డిగ్రీల దాకా కాచడానికి 70 కిలోకాలరీలు చాలు. ఆ మరిగే నీళ్ళనే పూర్తిగా ఆవిరి చెయ్యడానికి 540 కావాలి. ఇంచుమించు ఎనిమిదింతలు! మూత తీస్తూంటే ఆవిరి కొట్టి చెయ్యి కాలితే వేణ్ణీళ్ళ బొబ్బ కన్నా అది ఎందుకు పెద్దదవుతుందో ఇప్పుడు తెలిసిందిగా? ఆవిరి మన చేతిమీద మళ్ళీ నీరవుతూ, దాచుకున్న ఆ 540నీ మనకే ధారపోస్తుంది.

అంచేత, రసం కాచేటప్పుడు పొయ్యిలో తగలేసిన పిప్పీ కట్టెలూ అన్నీ చివరికి ఎక్కడికి పోతున్నాయి? ఆవిరితోపాటు గాల్లోకి. పెనం తాత పొద్దుటినుంచి సాయంత్రం దాకా కష్టపడి చేసే పని, ఒకవైపు నుంచి చూస్తే, ఆకాశాన్ని వేడి చెయ్యడం!

ఇప్పుడు అమెరికా వెళ్దాం. దక్షిణాన లూసియానా అని ఒక రాష్ట్రం, అందులో న్యూ ఆర్లియన్స్ అనే రేవు పట్నం. 1795లో అక్కడ ఎటియెన్ ద బోరే అనే భూస్వామి చెరుకు రసాన్ని పలుకు కట్టించి పంచదార తీసి లాభం చూపించాడు. ఇహ చుట్టుపక్కల కామందులంతా చెరుకు తోటల మీద పడ్డారు. ఆ తోటల్లో పని ఎవరు చేసేవారంటే, ఆఫ్రికానించి పట్టుకొచ్చి అమ్మిన మనుషులూ, వాళ్ళ పిల్లలూ. బానిసలు.

అక్కడి వంట పద్ధతిని జమైకా వరస అనేవారు. ఒకే పొయ్యి, దానిమీద నాలుగైదు ఇనప కాగులు వరసగా. అన్నిటికన్నా పెద్దది ఒక చివర, చిన్నది మరో చివర. మంట చిన్నదాని కింద. రసం చిక్కబడుతున్నకొద్దీ పెద్ద కాగులోంచి తరవాత కాగులోకి, అందులోంచి ఇంకో దాన్లోకి పొడుగు కాడల గరిటెలతో తోడి పొయ్యాలి. ఒక్కో కాగుకీ ఫ్రెంచి భాషలో ఒక్కో పేరు కూడా వుండేది: పెద్దదాని పేరు గ్రాండ్, తరవాతిది ఫ్లాంబో, ఆ తరవాతిది సిరో, చిట్టచివరిది బాటరీ. పేర్లు ముద్దుగానే వున్నాయి. కానీ తోడేది పసిఫిక్కు నీళ్ళు కాదుగా, సలసల కాగే పాకం! అదీ రాత్రీ పగలూ. నరికిన చెరుకు నిలవుంటే పులుస్తుంది, చలికాలం మంచు పడితే పొలంలోదే పాడయిపోతుంది. అంచేత గానుగ మొదలైతే ఆగకూడదు. నిద్ర లేని మనుషులు, తడి నేల, కాగే పాకం. పెనం తాత చేతులు నాకు తెలుసు గనక, ఆ మనుషుల చేతులు ఎలా వుండేవో వూహించుకోగలను.

ఆ న్యూ ఆర్లియన్స్‌లోనే 1806 మార్చి 17న నార్బర్ట్ రిల్యూ పుట్టాడు. తండ్రి విన్సెంట్ రిల్యూ తెల్లవాడు, ధనవంతుడు, యంత్రాలంటే సరదా వున్నవాడు. తల్లి కాన్స్టాన్స్ వివాంట్, నల్లజాతి రక్తం వున్న మనిషి, బానిస మాత్రం కాదు. వాళ్ళిద్దరూ పెళ్ళాడ్డానికి ఆనాటి చట్టం ఒప్పుకోదు. పిల్లవాడు పుట్టగానే రికార్డులో పేరు పక్కన "స్వతంత్రుడు" అని రాశారు. మన పిల్లలకి బారసాలనాడు పళ్ళెంలో బియ్యంమీద పేరు రాస్తాం. స్వతంత్రుడు అని కూడా రాయవలసిన దేశం ఎలాంటిదో ఆలోచించండి.

పిల్లవాడు తెలివైనవాడు. తండ్రి చదువుకోసం పారిస్ పంపాడు. అక్కడ అతను ఇంజనీరింగు చదివి, ఇరవై నాలుగేళ్ళకే ఎకోల్ సెంట్రాల్ అనే పెద్ద కళాశాలలో యంత్రశాస్త్రం బోధించే వాడయ్యాడు. ఆవిరి యంత్రాలమీద వ్యాసాలు ప్రకటించాడు. ఆ రోజుల్లో పారిస్‌లో మేధావులకి ఆవిరి పిచ్చి పట్టుకుంది. 1824లోనే సాది కార్నో అనే యువకుడు వేడిమీద ఒక చిన్న పుస్తకం వేశాడు. నీరు పైనుంచి కిందికి దూకుతూ చక్రాన్ని తిప్పినట్టే, వేడి కూడా పై మెట్టునుంచి కింది మెట్టుకి దిగుతూ మనకి పని చేసిపెడుతుందన్నాడు. పుస్తకాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఎనిమిదేళ్ళకి కలరా వచ్చి కార్నో పోయాడు. తరవాత ఆ పుస్తకమే ఉష్ణగతిశాస్త్రానికి పునాదిరాయి అయింది.

రిల్యూ బుర్రలో తిరుగుతున్నది వేరే ప్రశ్న. వేడి ఎలాగూ మెట్లు దిగాలి గదా, ప్రతి మెట్టు మీదా దానిచేత ఒక్కో కాగు రసం కాయించకూడదా అని.

అంటే ఏమిటో నాకు మా మావయ్య చెప్పేదాకా తెలియలేదు. మావయ్య ఒక చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నేను పదో క్లాసు చదువుతూండగా ఓసారి ఫ్యాక్టరీ చూపించడానికి తీసికెళ్ళాడు. ఇంటికన్నా ఎత్తున నాలుగు ఇనప పీపాలు వరసగా నిలబడి వున్నాయి. ఒక్కొక్క దానికి గుండ్రటి గాజు కిటికీ. లోపల రసం కుతకుతలాడుతోంది.

"ఈ నాలుగిటిలో పొయ్యి దేనికింద వుందో చెప్పు చూద్దాం" అన్నాడు.

వంగి చూశాను. దేనికిందా లేదు. బాయిలర్లోంచి వచ్చే ఆవిరి మొదటిదానికి మాత్రమే ఇస్తామన్నాడు. ఆ మొదటిదాన్లో రసం మరిగి పైకి లేచిన ఆవిరి గొట్టంలోంచి రెండోదానికి పోయి దాన్ని మరిగిస్తుందిట. రెండోదాని ఆవిరి మూడోదాన్ని, మూడోది నాలుగోదాన్ని.

"ఓస్, ఇంతేనా! మా అమ్మ ఇడ్లీపాత్ర" అన్నాను. నాలుగు రేకులు, ఒకే ఆవిరి.

"కాదు. ఇడ్లీపాత్రలో ఉన్న ఆవిరినే నాలుగు రేకులూ పంచుకుంటాయి. నాలుగు రేకులకి ఆవిరి నాలుగింతలు కావాలి. ఇక్కడ పంచుకోవడం లేదు. ఒకళ్ళు వాడుకుని ఇంకొకళ్ళకి ఇస్తున్నారు. నీ గౌన్లు ఎవరు తొడుక్కుంటున్నారు ఇప్పుడు?" అన్నాడు మావయ్య.

"చెల్లి."

"దానికి పొట్టయితే?"

"బుజ్జిది."

"ఆ తరవాత?"

"అమ్మ మసిగుడ్డ చేస్తుంది."

"అదీ సంగతి. బట్ట ఒకటే, ముగ్గురు పిల్లలకి సరిపోయింది. అయితే ఒక షరతుంది. నీ గౌను నీ ఈడుదానికి పట్టదు. నీకన్నా చిన్నదానికే పట్టాలి."

ఆ షరతు దగ్గరే వుందమ్మా అసలు కిటుకంతా. వేడి ఎప్పుడూ వేడిగా వున్నచోటునుంచి చల్లగా వున్నచోటుకే పోతుంది. మొదటి పీపాలో రసం నూరు డిగ్రీల దగ్గర మరిగి ఆవిరి వచ్చిందనుకోండి. రెండోదాన్లో రసం కూడా నూరు దగ్గరే మరిగేట్టయితే, ఇద్దరూ ఒక ఈడువాళ్ళే. ఇవ్వడానికీ లేదు, పుచ్చుకోడానికీ లేదు. రెండోదాన్ని చిన్నపిల్లని చెయ్యాలి. అంటే, దాన్లో రసం తక్కువ వేడికే మరిగేట్టు చెయ్యాలి.

అది కుదురుతుందా? కుదురుతుంది. మన ప్రెషర్ కుక్కరు తిరగేస్తే సరి. కుక్కర్లో ఆవిరిని బిగబట్టి వత్తిడి పెంచుతాం గనక నీళ్ళు నూట ఇరవై డిగ్రీల దాకా వేడెక్కుతాయి, పప్పు తొందరగా వుడుకుతుంది. అదే గిన్నెలోంచి గాలి లాగేసి వత్తిడి తగ్గిస్తే నీళ్ళు నూరు కాకముందే మరుగుతాయి. 1813లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ చార్లెస్ హోవర్డ్ అనే దొర ఈ కిటుకుతోనే మూతవున్న పెనం చేశాడు. చక్కెర మాడదు, రంగు చెడదు. పలుకు బాగా కడుతుంది. ఎక్కువ వేడిలో ఎక్కువసేపు వుంటే చక్కెర విడిపోయి, పలుకు కట్టకుండా మడ్డిగా మిగిలిపోతుంది మరి. కానీ హోవర్డుగారి పెనంలోంచి వచ్చిన ఆవిరిని చన్నీళ్ళు పోసి చల్లార్చి పారబోసేవారు. అక్క గౌనుని చెల్లికి ఇవ్వకుండానే మసిగుడ్డ చేసేశారన్నమాట!

బ్లాక్ ప్రొఫెసరుగారి గుప్తోష్ణాన్నీ, హోవర్డు దొర పెనాన్నీ కలిపి ముడివేసింది రిల్యూ. ఒక పీపాని మించి ఇంకో పీపాలో వత్తిడి తగ్గించుకుంటూ వరస పెట్టాడు. ఇందులో ఇంకో తమాషా. లీటరు నీళ్ళు ఆవిరైతే పదహారు వందల లీటర్ల పైచిలుకు చోటు ఆక్రమిస్తాయి. ఆ ఆవిరి మళ్ళీ నీరైతే అంత చోటూ ఖాళీ అవుతుంది. వేడి కూర స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే చల్లారాక మూత రాక తంటాలు పడతామే, అదే సూత్రం. చివరి పీపా ఆవిరిని చన్నీళ్ళతో నీరు చేస్తే అక్కడ ఖాళీ పుడుతుంది. మిగిలిన గాలిని పంపు లాగేస్తుంది. మావయ్య చూపించిన నాలుగో పీపాలో రసం సుమారు యాభై అయిదు డిగ్రీల దగ్గరే మరుగుతోంది. కుతకుతలాడుతూనే వుంది, మన స్నానాల నీళ్ళకన్నా కాస్త ఎక్కువ వేడి, అంతే!

ఇప్పుడు పాత లెక్కకి రండి. తరిమెయ్యాల్సింది డెబ్బై అయిదు కిలోల నీళ్ళు. విడిగా కాస్తే దాదాపు అంత ఆవిరీ బాయిలరునుంచి రావాలి. మూడు పీపాలయితే అందులో మూడో వంతుకి కాస్త పైన. నాలుగయితే నాలుగో వంతుకి కాస్త పైన. మరి నలభై పెడితేనో? అని నేనూ అడిగాను. మావయ్య నవ్వాడు. ఉన్న వేడి తేడాని పీపాలన్నీ పంచుకోవాలి. నలభైమంది పిల్లలు వరసలో వుంటే ఒకళ్ళకీ ఇంకొకళ్ళకీ అరంగుళం తేడా కూడా వుండదు. అంత తక్కువ తేడాలో వేడి నత్తలా నడుస్తుంది. దాన్ని నడిపించడానికి రాగి, ఇత్తడి గొట్టాలు ఎకరాలకొద్దీ కావాలి. కట్టెల్లో మిగిలింది లోహంలో పోతుంది. అందుకని మూడో నాలుగో అయిదో పెట్టి వూరుకుంటారు. ఎక్కడ ఆగాలో తెలియడం సంసారంలో ఎంత అవసరమో శాస్త్రంలోనూ అంతే.

వేడి తనంతట తాను చల్లటి చోటునుంచి వేడి చోటుకి పోదనే మాటని సూత్రంగా స్థిరపరిచినవాడు జర్మనీలో క్లాసియస్. అది 1850ల్లో మాట. రిల్యూకి మొదటి పేటెంటు వచ్చింది 1843లో, రెండోది 1846లో. శాస్త్రం సూత్రం రాసుకునేలోపలే ఆయన యంత్రం చేసి చూపించేశాడు.

అంత సులువుగా ఏమీ కాలేదు. పారిస్‌నుంచి 1830ల్లో సొంతవూరికి తిరిగొచ్చిన రిల్యూ చేసిన తొలి ప్రయత్నాలు పారలేదు. చివరికి థియోడర్ పాక్‌వుడ్ అనే కామందు తన మర్టిల్ గ్రోవ్ తోటలో యంత్రం పెట్టించుకున్నాడు. అది నిలబడింది. తరవాత జూడా బెంజమిన్ అనే లాయరు, ఆయనకీ చెరుకు తోట వుంది, యంత్రం తెప్పించుకుని దాన్ని పొగుడుతూ పత్రికల్లో వ్యాసాలు రాశాడు. ఖర్చు తగ్గింది, చక్కెర తెల్లబడింది. కామందులు ఒకరి తరవాత ఒకరు రిల్యూని తమ తోటలకి రప్పించుకోవడం మొదలెట్టారు.

ఇక్కడే కథ గొంతుకి అడ్డం పడుతుంది. రిల్యూ ఒక తోటకి యంత్రం బిగించడానికి వెళ్ళాడనుకోండి. ఆయన ఎక్కడ వుండాలి? తెల్ల దొర ఇంట్లో దొరతో సమానంగా కూర్చుని భోంచెయ్యడానికి ఆచారం ఒప్పదు. బానిసల గుడిసెల్లో వుంచడానికి ఆయన బానిస కాడు, పైగా పారిస్‌లో పాఠాలు చెప్పిన పండితుడు. కొందరు కామందులు ఆయనకోసం వేరే ఇల్లు చూపించేవారని చరిత్రకారులు రాస్తారు. ఆయన చేసిన పాత్రలోంచి వచ్చిన చక్కెర దొర బల్లమీదికి పోవచ్చు. ఆయన మాత్రం ఆ బల్లదగ్గర కూర్చోకూడదు! ఇలాంటివి చదివి అమెరికావాళ్ళని తిట్టుకోబోతూంటే, మా అమ్మమ్మ ఇంట్లో పెనం తాతకి మజ్జిగ పోసేందుకు పెరటి గోడమీద విడిగా బోర్లించి వుండే సత్తుగ్లాసు కళ్ళముందుకి వచ్చింది. తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

1850ల్లో లూసియానాలో స్వతంత్రులైన నల్లవాళ్ళమీద కూడా ఆంక్షలు బిగిశాయి. తన యంత్రంతో ఎందరినో ధనవంతుల్ని చేసిన మనిషి సొంతవూళ్ళో తలెత్తుకు తిరగడానికి లేకపోయింది. ఆయన మళ్ళీ పారిస్ చేరుకున్నాడు. అక్కడ చెరుకు లేదు, బీట్‌రూట్ జాతి దుంపనుంచి చక్కెర తీస్తారు. ఆయన యంత్రానికి నకళ్ళు ఆయనకన్నా ముందే యూరప్ చేరాయి. కిటుకు సరిగా పట్టుబడకుండా చేసిన నకళ్ళు, సరిగా పనిచెయ్యక అసలుదానికి చెడ్డపేరు తెచ్చాయి. ఎదురింటావిడ దగ్గర చూసి చేసిన పిండివంట లాగా! విసుగెత్తిన రిల్యూ కొన్నేళ్ళు యంత్రాలు మానేసి ఈజిప్టు చిత్రలిపి చదువుకుంటూ గడిపాడు. కానీ చేతులు వూరుకుంటాయా? 1881లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో, దుంప చక్కెరకి తన పద్ధతిని కొత్తగా మార్చి మళ్ళీ పేటెంటు పుచ్చుకున్నాడు. 1894 అక్టోబరు 8న పోయాడు. పారిస్‌లో పేర్ లషేజ్ శ్మశానంలో సమాధి చేశారు. నాట్యం చేసే అమ్మాయిల బొమ్మలు గీసిన చిత్రకారుడు దెగా ఆయనకి దగ్గర చుట్టమే. దెగా తల్లికీ ఈయనకీ మేనమామ, మేనత్త పిల్లల వరస. ఆ చుట్టం పేరు లోకమంతా ఎరుగును. ఈ చుట్టం పేరు రోజూ కాఫీలో పంచదార వేసుకునే మనకే తెలియదు.

ఆయన పేరు బొత్తిగా మరిచిపోయారనీ చెప్పకూడదు. 1934లో ప్రపంచంలోని చక్కెర పరిశ్రమవాళ్ళు పూనుకుని న్యూ ఆర్లియన్స్ మ్యూజియంలో ఆయన పేర కంచు ఫలకం పెట్టించారు. 2002లో అమెరికా రసాయన శాస్త్ర సంఘం ఆయన యంత్రాన్ని చారిత్రక ఘట్టంగా గుర్తించింది. 2004లో ఆవిష్కర్తల గౌరవ జాబితాలో చేర్చారు. పోయిన నూటపదేళ్ళకి! ఈనాడు పాలపొడి చేసేచోట, సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసేచోట, కాగితం మిల్లుల్లో ఆయన వరసే నడుస్తోంది. చక్కెర మిల్లులయితే తమ చెరుకు పిప్పి తమకి సరిపోగా, మిగిలినదానితో కరెంటు తీసి అమ్ముకుంటున్నాయి.

ఇంతకీ నా ప్రశ్న అలాగే వుంది. తీపికీ వాతకీ లంకె తెగిందా?

గరిటెలతో పాకం తోడే పని పోయింది, నిజమే. మూతలున్న పీపాల్లో రసం గొట్టాల్లోంచి తనే నడిచింది. ఆ వంటశాలలో కొన్ని చేతులు కాలకుండా మిగిలాయి. రిల్యూ యంత్రం బానిసల బాధ తీర్చిందని కొందరు గొప్పగా రాస్తారు. నాకు ఆ మాట పూర్తిగా మింగుడు పడదు. చెరుకు నరికే కత్తి అలాగే వుంది. దాన్ని పట్టుకున్న చెయ్యీ అలాగే వుంది. చక్కెరకి లాభం పెరిగితే కామందు ఇంకో వంద ఎకరాలు వేస్తాడు గానీ, బానిసని ఇంటికి పంపడు గదా! యంత్రాన్ని అంతగా పొగిడిన బెంజమిన్‌గారు తరవాత బానిసత్వం కోసం కత్తి కట్టిన దక్షిణాది ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు. బానిసత్వం పోయింది యంత్రంవల్ల కాదు. 1861 నుంచి 1865 దాకా జరిగిన యుద్ధంవల్లా, ఆ యేడు చేసిన చట్టంవల్లా పోయింది. వేడిని ఎలా పొదుపు చెయ్యాలో శాస్త్రం చెప్పగలదు. ఆ పొదుపు ఎవరి కొంగున ముడివెయ్యాలో అది చెప్పదు. అది మనుషులు తేల్చుకోవాల్సిందే.

మావయ్య ఫ్యాక్టరీ చూసి వచ్చిన సాయంత్రం అమ్మమ్మ ఇంటికి వెళ్ళి, వూరంతా తిరిగి పెనం తాతని పట్టుకున్నాను. పొయ్యి లేకుండా రసం మరిగే సంగతి, యాభై అయిదు డిగ్రీల సంగతి, అక్క గౌను సంగతి అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన గట్టుమీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు.

"ఎవురో పుణ్యాత్ముడు కనిపెట్టేడన్నమాట" అన్నాడు. కాస్సేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "మరి ఆ పీపాల కాడ మడిసి ఏటి సేస్తాడు?"

"ఏమీ చెయ్యడు తాతా. కిటికీలోంచి చూస్తాడు."

"కూలి ఇస్తారా, సూసినందుకు?"

నాకు జవాబు తెలియలేదు. ఇప్పటికీ ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే వున్నాను.

అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం ఇప్పటికీ ఆ మూతలేని పెనంమీదే పండుతోంది. ఆ మంటలో కాగితేనే ఆ రంగు, ఆ వాసన. పంచదారతో అరిసెలు చేస్తే అరిసెలవుతాయా? అందుకే పండగనాడు పళ్ళెంలో అరిసెలు సర్దుతూ, నా మణికట్టు మీది చిన్న మచ్చని చూసుకుని, ముందుగా ఒక అరిసె పక్కన తీసి పెట్టాను.

"అదెవరికి?" అన్నారు మా వారు.

"వండినవాళ్ళకి" అన్నాను.

"అయితే నీకే" అన్నారు తేలిగ్గా, తన పళ్ళెం ముందుకి జరుపుకుంటూ.

నాకొక్కదానికే కాదని చెప్పాలంటే ఇంత కథా చెప్పాలి. అప్పటికి అరిసెలు చల్లారిపోతాయి. అందుకని ఆయనకి వడ్డించేసి, కథ మీకు చెప్పాను.